ల్యాబ్ మొత్తానికీ ఒకే ఉబుంటు ఇమేజ్: ఎలా చేయాలి?

విజయవాడ, గుంటూరు కాలేజీ ల్యాబుల్లో ఒక్కో సిస్టమ్‌కీ విడిగా లినక్స్ ఎక్కిస్తూ కూర్చోనక్కర్లేదు. ఒక వర్చువల్ మెషీన్‌లో (సిస్టమ్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్) ఉబుంటు ఎక్కించి, దాని డిస్క్ అంతా ఒకే ఫైల్‌గా ఉండే వర్చువల్ డిస్క్ ఇమేజ్ తయారుచేసుకుంటే మిగతాదంతా కాపీయే. ఇన్‌స్టాల్ తేలికే. దెబ్బతినేది కాపీకి ముందు చేయాల్సిన శుభ్రం దగ్గర.

ముందు బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయండి. లేకపోతే వర్చువల్ మెషీన్‌ని వేగంగా నడిపే లినక్స్ భాగం కేవీఎం పనిచేయదు, మెషీన్ నత్తనడక నడుస్తుంది. క్యూకౌ2 (qcow2, వర్చువల్ డిస్క్ ఫైల్ రకం) ఫార్మాట్‌లో 20 జీబీ డిస్క్ సృష్టించండి. ఫైల్ మొదట కొన్ని వందల కేబీలే ఉంటుంది, డేటా చేరేకొద్దీ పెరుగుతుంది. 2 జీబీ ర్యామ్, 2 కోర్లు, డిస్క్‌కి వర్టియో (వర్చువల్ మెషీన్ల కోసం చేసిన వేగమైన డ్రైవర్) చాలు.

ఉబుంటు సర్వర్ 24.04 ఇన్‌స్టాలర్‌లో ఎల్‌వీఎం (డిస్క్‌ని భాగాలుగా పంచే పద్ధతి) టిక్ ముందే పెట్టి ఉంటుంది. తీసేయండి. ఉంచితే 20 జీబీలో సగమే రూట్‌కి (సిస్టమ్, ఫైళ్లు ఉండే ప్రధాన భాగం) వెళుతుంది, సెమిస్టర్ మధ్యలో డిస్క్ ఫుల్ అంటుంది. మే నెలలో కరెంటు పోయి ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిందా? ఆ డిస్క్ ఫైల్‌ని బాగుచేయబోకండి, చెరిపేసి కొత్తది మొదలుపెట్టండి.

బూటయ్యాక అప్‌డేట్లు, జీసీసీ (సీ కంపైలర్), మేక్ (ప్రోగ్రామ్ బిల్డ్ చేసే టూల్) వేసుకోండి. టైమ్‌జోన్ యూటీసీలో ఉంటుంది. ఆసియా/కోల్‌కతాకి మార్చకపోతే పిల్లల ఫైళ్ల మీద టైమ్ ఐదున్నర గంటలు వెనక కనిపిస్తుంది.

ఇక శుభ్రం. ఆప్ట్ క్యాష్ (డౌన్‌లోడై మిగిలిన ప్యాకేజీ ఫైళ్లు) ఖాళీ చేయండి. ఈటీసీ (/etc) ఫోల్డర్‌లోని మెషీన్-ఐడీ (ఆ సిస్టమ్ గుర్తింపు నంబర్) ఫైల్‌ని తొలగించకుండా, లోపలిది మాత్రం తుడిచేయండి. బ్రిడ్జ్ నెట్‌వర్క్‌లో (వర్చువల్ మెషీన్ నేరుగా ల్యాబ్ నెట్‌వర్క్‌లో కలిసేది) ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ఆ ఐడీని బట్టే ఐపీ ఇస్తుంది కాబట్టి, అలాగే వదిలేస్తే కాపీలన్నీ ఒకే ఐపీ కోసం కొట్టుకుంటాయి. మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ కార్డు నంబర్లు) వేరైనా ఇదే గొడవ. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే సదుపాయం) హోస్ట్ కీలు, అంటే ఆ మెషీన్‌ని గుర్తించే కీలు కూడా తీసేయండి. ప్రతి కాపీలో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌ని క్యాపిటల్ ఏ ఆప్షన్‌తో (ssh-keygen -A) నడిపి కొత్త కీలు పుట్టించాలి, లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్ లేవదు. కీలు తీసేశాక ఈ అసలు మెషీన్‌ని వెంటనే షట్‌డౌన్ చేయండి. మళ్లీ ఒక్కసారి బూట్ చేసినా మెషీన్-ఐడీ నిండిపోతుంది.

మెషీన్ ఆగాకే వర్ట్-స్పార్సిఫైని (ఇమేజ్‌లోని ఖాళీ చోటు తీసేసి ఫైల్ చిన్నది చేసే టూల్) కంప్రెస్ ఆప్షన్‌తో నడపండి. దానికి టెంప్ ఫోల్డర్‌లో 20 జీబీ వరకు ఖాళీ కావాలి. ఫైల్ 4 జీబీ దాటితే ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో పట్టదు, ఎక్స్‌ఫ్యాట్ చేసుకోండి. కాపీ అయ్యాక షా256 (ఫైల్ మారలేదని చూపే చెక్‌సమ్) అసలు ఫైల్‌తో సరిచూడండి.

చోటు కలిసిరావాలంటే ప్రతి విద్యార్థికీ పూర్తి కాపీ బదులు, ఈ ఇమేజ్‌ని బేస్‌గా పెట్టి దాని మీద క్యూకౌ2 ఓవర్‌లే (ఆ విద్యార్థి చేసిన మార్పులు మాత్రమే దాచే చిన్న ఫైల్) ఇవ్వండి. బేస్ ఫైల్‌ని రీడ్-ఓన్లీ చేసేయండి. దాన్ని మళ్లీ బూట్ చేసి ఏ అప్‌డేటో ఎక్కిస్తే ఓవర్‌లేలన్నీ పాడవుతాయి. మార్పు కావాలంటే బేస్‌ని కాపీ చేసి, వేరే పేరుతో కొత్త ఇమేజ్ కట్టుకోండి.