పాత క్యాంపర్ వ్యాన్‌లో బ్యాటరీ దిగిపోతే

తాళం తిప్పితే వెనక నుంచి ఒక్క ‘టక్’ శబ్దం. డాష్‌బోర్డులోని ఎర్రదీపం మసకబారుతుంది. ఇంజన్ మాత్రం తిరగదు. నా 1972 ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 క్యాంపర్‌తో ఇలాంటి ఉదయాలు చాలానే చూశాను. అప్పుడు మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. మిగిలిన కాస్త ఛార్జీ కూడా అందులోనే పోతుంది.

ముందు మల్టీమీటర్ (వోల్టులు, కరెంటు కొలిచే పరికరం) తీసి బ్యాటరీ రెండు కొనలకు ఆనించండి. కొన్ని గంటలు కదలకుండా ఉన్న బండిలో 12.6 వోల్టులు కనిపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అయితే సగమే, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. తర్వాత బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, మీటరు అలాగే ఉంచి, మరొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అంకె 9 లోపుకు పడిపోతే బ్యాటరీలో పస లేదు. 12 దగ్గరే నిలబడి, సెల్ఫ్ మాత్రం తిరగకపోతే తప్పు బ్యాటరీది కాదు. కరెంటు దారిలో ఎక్కడో ఆగిపోతోంది.

ఈ పరీక్ష చేయకుండానే నేనొకసారి మంచి బ్యాటరీని పక్కన పెట్టి కొత్తది బిగించాను. మూడు వారాలకు మళ్లీ అదే ‘టక్’. బండి కింద పడుకుని చూస్తే గేర్‌బాక్సును బాడీకి కలిపే ఎర్త్ పట్టీ కనిపించింది. అల్లిన లోహపు పట్టీ అది. ఒక కొన పచ్చగా చిలుము పట్టి, సగం పోగులు తెగిపోయి ఉంది. వేలితో తాకితే పొడి రాలింది. ఇంజనూ గేర్‌బాక్సూ రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటాయి కాబట్టి, సెల్ఫ్ మోటారు లాగే వందకు పైగా ఆంపియర్లు తిరిగి బ్యాటరీకి చేరడానికి ఆ పట్టీయే దారి. కొత్త పట్టీ వేసి, బిగించే చోట పెయింటు గీకి, ఇనుము మెరిసేలా చేశాను. మొదటి సారికే ఇంజన్ అందుకుంది. మీరు పడుకుని వెతకక్కర్లేదు. మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది గేర్‌బాక్సు మీద ఉంచి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ దారి పాడైనట్టే.

బ్యాటరీ నిజంగానే దిగిపోయి, వేరే బండి నుంచి కరెంటు తీసుకోవాలంటే ముందు వోల్టేజీ చూసుకోండి. ముందు ఒకే పెద్ద అద్దం ఉన్న టైప్ 2 మోడల్ 1967 ఆగస్టులో వచ్చింది. అది 12 వోల్టులది. అంతకు ముందటి వాటిలో 6 వోల్టులవి చాలా ఉన్నాయి. బ్యాటరీ మీది మూతలు లెక్కపెట్టండి: మూడైతే 6, ఆరైతే 12. రెండు బండ్ల వోల్టేజీ ఒకటే కాకపోతే కలపవద్దు. వేరే కంపెనీల పాత వ్యాన్లలో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొనను బాడీకి కలిపినవీ కనిపిస్తాయి. ఏ కొన బాడీకి వెళ్తోందో కళ్లతో చూసి నమ్మండి.

నెగటివ్ ఎర్త్ బండికి వరుస ఇది. ఎర్ర కేబులు మొదట మీ బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్ల కేబులు మంచి బ్యాటరీ నెగటివ్‌కు, చివరి కొన మీ ఇంజన్ మీది పెయింటు లేని లోహానికి, బ్యాటరీకి దూరంగా. చివరి కొన తగిలించేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ నుంచి మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది. పైగా నా బండిలో బ్యాటరీ ఇంజన్ గదిలోనే, పెట్రోలు గొట్టాలకు దగ్గరగా ఉంటుంది. అందుకే ఈ చివరి కొన విషయంలో నేనెప్పుడూ తొందరపడను.

తోసి స్టార్ట్ చేయాలంటే తాళం ఆన్ చేసి, రెండో గేరులో క్లచ్ తొక్కి ఉంచి, వేగం అందుకున్నాక వదలాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే మాత్రం ఎంత తోసినా లాభం లేదు. ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు ఉండదు, నడిచే ఇంజన్‌తో బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ మేలుకోవడానికీ కాస్త కరెంటు కావాలి.

స్టార్ట్ అయ్యాక వేగం కొంచెం పెంచి చూస్తే బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా రావాలి. రాకపోతే బెల్టు, ఆల్టర్నేటర్ చూడాలి. అరగంట ప్రయాణంతో ఖాళీ బ్యాటరీ నిండదు. గాలి ఆడే చోట ఛార్జరుకు తగిలించి, సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో నింపండి: 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 4.5 ఆంపియర్లు, ఒక రాత్రంతా. ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి, బ్యాటరీ ఇక కోలుకోదు.

ఇక ఎందుకు దిగిపోయిందో పట్టుకోవాలి. అన్నీ ఆపేసి, నెగటివ్ తీగ విప్పి, ఆ మధ్యలో ఆంపియర్ మీటరు పెట్టండి. ఆ సమయంలో సెల్ఫ్ కొడితే మీటరు పాడవుతుంది, జాగ్రత్త. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఏదో తింటోందన్నమాట. ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ ఉంటే ఎక్కడ అంకె పడిపోతుందో అక్కడే దొంగ. నా బండిలో తర్వాత అమర్చిన రేడియో తీగ 180 మిల్లీ ఆంపియర్లు లాగుతూ కనిపించింది. రోజుకు నాలుగు ఆంపియర్ అవర్లకు పైనే. పది రోజులు నిలిపితే ఆ 45లో దాదాపు 43 ఆవిరి! ఆ తీగను తాళంతో ఆగే ఫ్యూజుకు మార్చాను. నెగటివ్ మీద ఒక కటాఫ్ స్విచ్ కూడా బిగించాను. బండిని నిలిపాక దాన్ని తిప్పి, ఇంజన్ మూత వేస్తాను.