ఆదాయపు పన్ను బకాయి నోటీసా? విశాఖలో ఉచిత న్యాయ సహాయానికి దరఖాస్తు ఇలా

"రీఫండ్ తెప్పిస్తాం, వచ్చినదాంట్లో కొంత మాకివ్వండి" అన్న మాట నమ్మి రిటర్ను వేయించుకున్న జీతగాళ్లు గాజువాకలోనూ ఉన్నారు, మల్కాపురంలోనూ ఉన్నారు. లేని మినహాయింపులు చూపించిన ఏజెంటు ఫోనెత్తడు. బకాయి మాత్రం పాన్ ఎవరిదో వాళ్ల మీదే ఉంటుంది. ఆ కంగారులో "లోపల మాట్లాడి డిమాండ్ (శాఖ కట్టమన్న బకాయి) తీయించేస్తాం" అంటూ మరో దళారి తగులుతాడు. డబ్బు ఇవ్వకండి. డిమాండ్ తగ్గాలన్నా, పోవాలన్నా రాతపూర్వకమైన ఉత్తర్వు ఉండాల్సిందే.

పన్ను బాకీ పడినవాళ్లకు ఉచిత లాయరును ఎవరిస్తారని చాలామంది అడగకుండానే ఊరుకుంటారు. కానీ 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కోర్టులతో ఆగలేదు. ఇతర అధికారుల ముందు, ట్రిబ్యునళ్ల ముందు నడిచే వ్యవహారాలూ దాని కిందికే వస్తాయి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో పని లేకుండా అర్హులు. మిగతావారికి మన రాష్ట్రంలో ఏడాదికి 3 లక్షల రూపాయల ఆదాయ పరిమితి ఉంది.

దరఖాస్తు పెట్టడం కష్టం కాదు. జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి తెల్లకాగితం మీద రాసిచ్చినా చాలు. రాయడం రాకపోతే నోటితో చెప్పినా అక్కడివాళ్లు రాసుకుంటారు. 15100కి ఫోన్ చేసీ అడగొచ్చు. ఫీజు లేదు. ఆధార్ నకలుతో పాటు కుల ధ్రువపత్రమో, సదరం సర్టిఫికెట్టో, మీ అర్హతకు తగ్గది జతచేయండి. ఆదాయం విషయంలో మీ అఫిడవిట్‌ను నమ్మకపోవడానికి కారణం లేనంతవరకు అదే సరిపోతుందని చట్టంలోనే ఉంది. కాబట్టి ఆదాయ ధ్రువపత్రం తెప్పిస్తామనే వాళ్ల వెంట తిరగొద్దు. పన్నుల కేసులు చూసిన న్యాయవాది కావాలని దరఖాస్తులోనే రాయండి. సంస్థ తరఫున కేసులు చూసే లాయర్ల జాబితా (ప్యానెల్)లో ఎక్కువమంది సివిల్, క్రిమినల్ కేసులు చూసేవాళ్లే.

ఇంతవరకు బాగానే నడుస్తుంది. అసలు చిక్కంతా ఆర్డరు దగ్గర. ఫోన్లో వచ్చిన ఎస్సెమ్మెస్ చూపించి "ఇంత కట్టమంటున్నారు" అంటే ఏ లాయరూ ఏమీ చేయలేడు. ఆ మొత్తం ఎలా వచ్చిందో చెప్పే అసెస్‌మెంట్ ఆర్డరు కావాలి, దాంతోపాటు ఇచ్చిన డిమాండ్ నోటీసు కావాలి. పాత సంవత్సరాల డిమాండ్ నోటీసు మీద సెక్షన్ 156 అని ఉంటుంది. ఇవి మన చేతికి ఎందుకు రావంటే, పన్ను శాఖ వెబ్‌సైటు (ఈ-ఫైలింగ్ పోర్టల్)లో మీ ఖాతా తెరిచిన రోజున ఏజెంటు తన ఈమెయిల్, తన ఫోన్ నంబరు పెట్టేసుంటాడు. నోటీసులన్నీ అతనికే పోతుంటాయి. అక్కడికి పంపితే మనకు అందినట్టే శాఖ లెక్కేస్తుంది. అప్పీలుకు ఉన్న 30 రోజులూ మనకు తెలియకుండానే కరిగిపోతాయి.

ఖాతా తిరిగి చేతికి తెచ్చుకోవడానికి ఏజెంటును బతిమాలక్కర్లేదు. ఆధార్‌కు మీ ఫోన్ నంబరు జోడించి ఉంటే ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. లోపలికి వెళ్లగానే ఒక పని మరిచిపోకండి: ప్రొఫైల్‌లో ఏజెంటు ఈమెయిల్, నంబరు కనిపించే పేజీని ఫొటో తీసి దాచుకోండి. ఆ తర్వాతే మీ వివరాలు పెట్టండి. గడువు దాటినా తగిన కారణం చూపిస్తే అప్పీలు స్వీకరించే వీలుంది. నోటీసు మీకు చేరలేదనడానికి అఫిడవిట్‌తో పాటు పెట్టగలిగిన గట్టి ఆధారం ఆ ఫొటోయే. ముందే మార్చేస్తే అది చెరిగిపోతుంది.

తర్వాత ఈ-ప్రొసీడింగ్స్‌లోంచి ఆర్డరు, డిమాండ్ నోటీసు డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీయించుకోండి. అవుట్‌స్టాండింగ్ డిమాండ్ దగ్గర "డిమాండ్ ఈజ్ కరెక్ట్" అన్నదాన్ని మాత్రం లాయరు చూసేదాకా నొక్కొద్దు. నొక్కితే ఒప్పుకున్నట్టే, మళ్లీ కాదనడానికి పోర్టల్ ఒప్పుకోదు. ఇంటర్నెట్ సెంటర్ల వాళ్లు "పని అయిపోతుంది" అని నొక్కేస్తుంటారు, పక్కనే కూర్చోండి.

లాయరు దగ్గర ఏదీ దాచకండి. రిటర్నులో చూపిన ఇంటి అద్దె నిజం కాకపోతే కాదనే చెప్పండి. అలాంటప్పుడు అప్పీలు కన్నా వాయిదాల్లో కట్టుకునే వీలు ఇమ్మని అసెసింగ్ అధికారికి (మీ పన్ను లెక్క తేల్చే అధికారి) గడువులోపే అర్జీ పెట్టడం మేలు కావచ్చు. ఆలస్యమైన ప్రతి నెలకూ నూటికి రూపాయి వడ్డీ పడుతుంది.

అప్పీలే దారి అయితే ఆన్‌లైన్‌లో వేస్తారు, ఫీజు వెయ్యి రూపాయలు దాటదు. అయితే అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. వసూలు ఆపే స్టే కోసం అసెసింగ్ అధికారికి విడిగా అర్జీ పెట్టాలి. సాధారణంగా వివాదంలో ఉన్న మొత్తంలో 20 శాతం కట్టమంటారు. అదీ కష్టమైతే జీతం చీటీ, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి తగ్గించమని రాయించండి. ఈ అర్జీ పెట్టక బ్యాంకు ఖాతా అటాచ్ అయినవాళ్లు ఉన్నారు.

న్యాయ సేవాధికార సంస్థ నియమించిన లాయరుకు ఫీజు ఆ సంస్థే ఇస్తుంది. మిమ్మల్ని అడిగితే సంస్థ కార్యదర్శికి ఫిర్యాదు చేయండి. దరఖాస్తును తిరస్కరిస్తే సంస్థ ఛైర్మన్, అంటే జిల్లా జడ్జికి అప్పీలు చేసుకోవచ్చు. దానికీ ఖర్చు లేదు.