గుజ్జు ఫ్యాక్టరీలో కొత్త ఐటమ్ ఎక్కడ ఆగిపోతోంది? సమస్య - పరిష్కారం

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో తాండ్రో జ్యూసో కొత్తగా వేద్దామని అనుకోని యజమాని ఉండడు. ఐడియా లేక ఆగిపోవడం తక్కువ, ఆగేది వేరే చోట.

సమస్య: ఏటా "ఈసారి తెస్తాం" అంటారు, రాదు.

జూన్, జూలైలో తోతాపురి లోడ్లు గేటు బయట క్యూ కట్టి ఉంటాయి, బాయిలర్ రాత్రీ పగలూ ఆగదు, అప్పుడు ట్రయల్ కోసం లైన్ ఆపమంటే ఎవరు ఒప్పుకుంటారు? సీజన్ అయ్యాక తీరిక ఉంటుంది గానీ కాయ ఉండదు. పైగా గుజ్జు డ్రమ్ములు బాగా అమ్ముడుపోతున్నంత కాలం కొత్త సరుకు మీద ఎవరికీ ధ్యాస ఉండదు. 2025లో కాయ రేటు పడిపోయి, రైతుకు కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది వచ్చాక మొదలుపెడితే ఆలస్యమే.

పరిష్కారం: సీజన్‌లోనే నాలుగైదు అసెప్టిక్ డ్రమ్ములు (క్రిములు లేకుండా సీల్ చేసిన గుజ్జు డ్రమ్ములు) అమ్మకుండా పక్కన పెట్టండి, అక్టోబర్ నుంచి ట్రయల్స్ చేయండి. తెరిచిన డ్రమ్ము మాత్రం వెంటనే వాడేయాలి. ఈ పనిని ప్రొడక్షన్ మేనేజర్‌కు అంటగట్టకుండా దీనికే ఒక మనిషిని పెట్టండి, కొంత ఖర్చు పెట్టే అధికారం కూడా ఇవ్వండి. పది కిలోల చక్కెరకు కూడా మీ సంతకం కోసం తిరగాల్సి వస్తే ఎంత హుషారున్న మనిషైనా చల్లబడిపోతాడు.

సమస్య: వంటింట్లో బ్రహ్మాండం, ఫ్యాక్టరీలో నల్లబడింది.

ఫ్యాక్టరీలో ఉడికించే పెద్ద కెటిల్‌లో గుజ్జు వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది, ఆలోపు రంగు మారి ఉడుకు వాసన పట్టేస్తుంది. గుజ్జు బ్రిక్స్ (తీపి కొలత) 14 ఉన్న రోజూ, 16 ఉన్న రోజూ అదే కొలత చక్కెర పోస్తే రుచి కూడా నిలవదు.

పరిష్కారం: వంటింటి కొలత నుంచి నేరుగా పెద్ద కెటిల్‌కు వెళ్లకుండా మధ్యలో 10 కిలోలు, 50 కిలోల బ్యాచ్‌లు తీయండి. ప్రతిదానికీ రిఫ్రాక్టోమీటర్ (బ్రిక్స్ చూపే పరికరం) రీడింగ్, పీహెచ్ (పులుపు కొలత), ఎన్ని నిమిషాలు ఉడికిందో పుస్తకంలో రాయించండి. అప్పటికీ తేలకపోతే మైసూరులో ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ ఉంది, మనకు పెద్ద దూరమేం కాదు.

సమస్య: షాపులవాళ్లు ఒకసారి తీసుకున్నారు, మళ్లీ ఆర్డర్ లేదు.

రుచి చూసింది ఇంట్లోవాళ్లు, స్టాఫే కదా, ఓనర్ ముందు బాలేదని ఎవరంటారు? తిరుపతి బస్టాండ్‌లో కొన్న యాత్రికుడు ఊరు చేరేసరికి తాండ్ర కవర్‌కు అతుక్కుపోతే ఇంకోసారి కొనడు.

పరిష్కారం: పేరు లేని ప్యాకెట్లు బయటివాళ్లకు ఇచ్చి అడగండి. మే నెల వేడిలో రేకుల షెడ్డులో కొన్ని ఉంచి చూడండి, అతుక్కుంటే తేమ తగ్గించాలి లేదా కవర్ మార్చాలి.

సమస్య: అంతా అయ్యాక లేబుల్ దగ్గర ఆగింది.

పరిష్కారం: ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సులో ఆ రకం సరుకు లేకపోతే ముందే చేర్పించుకోండి. పండ్ల రసం ఎంత శాతం ఉండాలో ఆ సంస్థ రూల్స్‌లోనే ఉంటుంది, రెసిపీ ఖాయం చేయకముందే చూసుకోండి.