నెట్ రాకపోతే ఫిర్యాదు ఎలా పెట్టాలి? డాకెట్ నంబరు నుంచి అప్పీలు దాకా

ఇంట్లో కంప్యూటర్‌కి నెట్ రావడం లేదంటే మనలో చాలామంది ముందు లైన్‌మ్యాన్‌కి ఫోన్ కొడతాం. "సాయంత్రానికల్లా వస్తానండీ" అంటాడు. ఆ సాయంత్రం రాదు. రెండేళ్ల కిందట మాకూ ఇదే జరిగింది. ఐదో రోజు కంపెనీ కస్టమర్ కేర్‌కి చేస్తే, "మీ నంబరు మీద ఫిర్యాదే లేదు సార్" అన్నారు. నిజమే మరి, లైన్‌మ్యాన్‌తో మాట్లాడినదాన్ని ఎవరూ ఎక్కడా రాసుకోరు. కంపెనీ లెక్కలో ఫిర్యాదు అంటే డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు చేసుకుని వాళ్లిచ్చే నంబరు ఉన్నదే.

అయితే ఫోన్ చేసే ముందు ఓ పావుగంట ఇంట్లోనే చూసుకోవాలి. మనిషి వచ్చి "లైన్ బాగానే ఉంది, లోపం మీ సిస్టమ్‌లోనే" అని వెళ్లిపోతే ఆ ఫిర్యాదు అక్కడితో మూసేస్తారు.

మొదట మొబైల్ డేటా ఆపేసి, అదే వైఫైతో ఫోన్‌లో ఏదైనా సైట్ తెరవండి. ఫోన్‌లో వస్తోందంటే లైన్‌కి ఢోకా లేదు, తేడా కంప్యూటర్‌లోనే. ల్యాప్‌టాప్‌లో ఎయిర్‌ప్లేన్ మోడ్ పొరపాటున ఆన్ అయిందేమో చూడండి. పాత డెస్క్‌టాప్ అయితే కింద మూలన తేదీ చూడండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్తుంది. అప్పుడు వైఫై కనెక్ట్ అయినట్టే ఉంటుంది కానీ, ప్రతి సైటూ సురక్షితం కాదంటూ మొరాయిస్తుంది. తేదీ సరిచేస్తే చాలు. ఇంత చిన్నదానికి విండోస్ మళ్లీ వేయించి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

తేదీ సరిగ్గానే ఉంటే విండోస్‌లో స్టార్ట్ నొక్కి cmd అని కొడితే వచ్చే కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లిష్‌లో కొట్టండి. ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే మీ కంప్యూటర్‌కి రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. వైఫై ఆపి మళ్లీ పెట్టండి, కేబుల్ అయితే తీసి మళ్లీ గుచ్చండి, అప్పటికీ కాకపోతే రౌటర్‌ని ఓ నిమిషం ఆపి మళ్లీ వేయండి.

ఫోన్‌లో కూడా రాకపోతే గోడ మీది ఫైబర్ పెట్టె దగ్గరకెళ్లి లైట్లు చూడండి. ఎల్ఓఎస్ (LOS) అన్నచోట ఎర్ర లైటు కొట్టుకుంటుంటే పెట్టెదాకా వెలుతురు సిగ్నలే రావడం లేదు: ఎక్కడో ఫైబర్ తెగింది, లేదా సోఫా జరిపినప్పుడు సన్నటి వైరు మడతపడింది. ఎర్ర లైటు లేకుండా పాన్ (PON) అన్న లైటు నిలకడగా వెలుగుతూ కూడా నెట్ లేదంటే ముందు మీ ప్లాన్ గడువు, బిల్లు చూసుకోండి. ఒక్కటి మాత్రం చేయకండి: వెనకాల రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ కొట్టడం. లోపల ఉన్న యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోయి పని రెండింతలవుతుంది.

ఇక ఫిర్యాదు. ఎర్ర లైటు కనిపించేలా పెట్టెను ఫొటో తీసుకోండి. కస్టమర్ ఐడీ, రిజిస్టర్డ్ మొబైల్ దగ్గర పెట్టుకుని, బిల్లు మీద ఉన్న నంబరుకి గానీ కంపెనీ యాప్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ వాళ్లకు 1800-4444. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతక్కండి, అక్కడ దొంగ నంబర్లు కూడా తగులుతాయి. కథంతా చెప్పక్కర్లేదు, ఈ మాత్రం చాలు:

"నిన్న రాత్రి 8 గంటల నుంచి నెట్ లేదు. ఎల్ఓఎస్ ఎర్ర లైటు వెలుగుతోంది. పెట్టె ఆపి మళ్లీ వేసి చూశాం. ఇంట్లో ఏ పరికరంలోనూ రావడం లేదు. డాకెట్ నంబరు, బాగుచేసే గడువు ఎస్ఎంఎస్ చేయండి."

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు ఇవ్వాల్సిందే. ఆ ఎస్ఎంఎస్ చెరిపేయకండి. నెట్ రాకుండానే "మీ ఫిర్యాదు పరిష్కరించాం" అని మెసేజ్ వస్తే స్క్రీన్‌షాట్ తీసి, అదే రోజు మళ్లీ ఫిర్యాదు ఇచ్చి పాత డాకెట్ నంబరు చెప్పండి. మరమ్మతుకొచ్చిన మనిషి పని ముగించడానికి ఓటీపీ అడిగితే, కంప్యూటర్‌లో నెట్ ఆడుతుందని మీ కళ్లతో చూశాకే ఇవ్వండి. లైన్ రోజుల తరబడి పడిపోతే అద్దె తగ్గింపు కూడా అడగొచ్చు. అడగకపోతే వాళ్లంతట వాళ్లు ఇస్తారని నేననుకోను.

గడువు దాటినా బాగు కాలేదా? అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి, అంటే అప్పీళ్లు చూసేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. గడువు ముగిసిన 30 రోజుల్లోపు అప్పీలు పెట్టాలి, పెట్టిన 39 రోజుల్లోపు వాళ్లు తేల్చాలి. ఫీజు లేదు. ఈమెయిల్‌లో పంపొచ్చు. చిరునామాలు కంపెనీ వెబ్‌సైట్‌లోనూ, ట్రాయ్ నడిపే టీసీసీఎంఎస్ పోర్టల్‌లోనూ ఉంటాయి. డాకెట్ నంబరు, తేదీలు, స్క్రీన్‌షాట్లు జత చేయండి. చాలామంది నేరుగా ట్రాయ్‌కే రాస్తారు గానీ, విడి వినియోగదారుల ఫిర్యాదులు ట్రాయ్ విచారించదు.

అక్కడా పని కాకపోతే కేంద్ర ప్రభుత్వ సీపీగ్రామ్స్ పోర్టల్‌లో టెలికాం శాఖను ఎంచుకుని ఫిర్యాదు నమోదు చేయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు కంపెనీతో మాట్లాడిపెడతారు, ఆదేశాలు మాత్రం ఇవ్వలేరు. ఆదేశం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లాలి. టెలికాం సేవల మీద అక్కడ కేసు వేయొచ్చని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. నెల రోజుల అద్దె కోసం అంతదూరం వెళ్లాలా అన్నది మీ ఓపికను బట్టి. మా డాకెట్ మాత్రం అప్పీలు ఈమెయిల్ వెళ్లిన మూడో రోజే కదిలింది. వచ్చినతను నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కి, కోతులు కొరికిన వైరు ముక్క కిందకి పడేశాడు.