మిస్టరీ షాపర్ పని వెతుక్కునేవాళ్లకు ఒక చిట్కా

మామూలు కస్టమర్‌లా షాపుకెళ్లి, అక్కడి సర్వీస్ ఎలా ఉందో రాసిచ్చే మిస్టరీ షాపర్ పని నిజంగానే ఉంది. చిక్కల్లా, దాని పేరు చెప్పి ముంచేవాళ్లు కూడా బోలెడుమంది ఉండటమే. ఎమ్‌ఎస్‌పీఏ అనే మిస్టరీ షాపింగ్ కంపెనీల సంఘం సైట్‌లో సభ్య కంపెనీల జాబితా ఉంటుంది, ముందు అది చూడండి. ఆ సంఘం తనంతట తాను షాపర్లను పనిలోకి తీసుకోదు. కాబట్టి దాని పేరుతో ఆఫర్ వస్తే దొంగదే. కంపెనీ సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి రిజిస్టర్ అవ్వండి, మెసేజ్‌లో వచ్చిన లింక్ నొక్కొద్దు. రిజిస్ట్రేషన్‌కి పైసా కట్టక్కర్లేదు.

మీరు అడగకుండానే ఈ మోసగాళ్ల నుంచి చెక్కు వచ్చిందనుకోండి. "బ్యాంకులో వేసుకోండి, మీ వాటా ఉంచుకుని మిగతా డబ్బుతో గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపండి" అంటారు. ఖాతాలో డబ్బు కనిపిస్తుంది కూడా. కొన్ని రోజులకో వారాలకో ఆ చెక్కు నకిలీదని తేలాక, బ్యాంకు ఆ మొత్తాన్ని మీ దగ్గరే వసూలు చేస్తుంది.

అసలు పని ఇంత తియ్యగా ఉండదు లెండి. లోపలికెళ్లిన ఎన్ని నిమిషాలకు పలకరించారు, బ్యాడ్జి మీద పేరేంటి, బాత్‌రూమ్‌లో సబ్బు ఉందా... ఇలా పేజీలకొద్దీ ప్రశ్నలు. మీ డబ్బుతో కొన్నదాని బిల్లు పోగొట్టుకుంటే డబ్బులు రానట్టే. రిపోర్ట్ ఓకే అయ్యాక కూడా చెల్లింపుకు నెల, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు. అందుకే మొదట తక్కువ ఖర్చుతో అయ్యేది ఒకటి చేసి, డబ్బులు చేతికొచ్చాకే ఇంకోటి ఒప్పుకోండి.