పాత నవ్వుల పత్రికల సేకరణ – మూడో పాఠం: ఊడిపోయిన బోనస్ ఆనవాళ్లు

పోయిన పాఠంలో ఇచ్చిన ఇంటిపని చేశారా? అటక మీదున్న ఏదో ఒక పాత వారపత్రిక దింపి, పేజీలు లెక్కపెట్టి, నడిమి పేజీ ఏదో కనుక్కోమన్నాను. చేయనివాళ్లు ఇప్పుడైనా ఒకటి తెచ్చుకుని కూర్చోండి. ఈ పాఠం వేళ్లతో నేర్చుకోవాల్సింది. ఉత్త కళ్లతో చదివితే రేపు హైదరాబాద్ అబిడ్స్ పాత పుస్తకాల బజారులో పనికిరాదు.

నవ్వుల పత్రికలు కొనేవాడికి ముందుగా రావలసిన విద్య ఒకటే. పత్రికలోంచి ఏం పోయిందో, పోయినచోట మిగిలిన గుర్తుల్ని బట్టి చెప్పగలగడం. అట్ట బాగుందా, రంగు తగ్గిందా అన్నది ఎవరికైనా తెలుస్తుంది. పత్రికతో ఉచితంగా ఇచ్చిన బోనస్ లోపల్నుంచి ఊడిపోతే మాత్రం ఇంటికొచ్చాకే తెలుస్తుంది, అదీ డబ్బులిచ్చేశాక.

బోనస్ అంటే ఏమిటో ముందు మ్యాడ్‌తో చూద్దాం. ఈ అమెరికన్ నవ్వుల పత్రిక 1952లో పది సెంట్ల కామిక్‌గా మొదలై, 1955లో 24వ సంచికతో పెద్ద సైజు మ్యాగజైన్ అయింది. 1958 నుంచి మామూలు సంచికలకు తోడు పాత జోకుల్ని ఏరి ఏటా స్పెషల్స్ వేయడం మొదలుపెట్టారు. పాత సరుకే మళ్లీ అమ్మాలంటే ఏదో ఒక ఎర వేయాలి కదా. అందుకని స్టిక్కర్లు, పోస్టర్లు, పల్చటి ప్లాస్టిక్ రికార్డులు లోపల పెట్టేవాళ్లు. ఈ రికార్డుని ఫ్లెక్సీ డిస్క్ అంటారు. మన ఊళ్లో ఫ్లెక్సీ అంటే చౌరస్తాలో నాయకుడి పుట్టినరోజు బొమ్మ గుర్తొస్తుంది కాబట్టి, దుకాణంవాణ్ని అడిగేటప్పుడు 'ప్లాస్టిక్ రికార్డు' అనండి.

వాటిలో ఒక రికార్డు కథ చెప్పకుండా ఉండలేను. దాని మీద సూది నడిచే గాడులు ఎనిమిది పక్కపక్కనే చుట్టుకుని ఉంటాయి. పాట మొదలు ఒక్కటే, ముగింపులు ఎనిమిది. రోజంతా బ్రహ్మాండంగా ఉందని పాడుతూ పోతాడు, చివర్లో ఏ కొంప మునుగుతుందన్నది సూది ఏ గాడిలో పడిందన్నదాన్ని బట్టి. ఎనిమిదీ వినాలంటే సూదిని ఎత్తి దించుతూ కూర్చోవాల్సిందే. మీకెప్పుడైనా దొరికితే, పల్చన కాబట్టి జారిపోకుండా నడుమ లేబుల్ మీద రూపాయి బిళ్ల పెట్టి వేయండి. ఆ రోజుల్లో వాళ్లూ అలాగే నాణెం పెట్టుకునేవాళ్లు.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. స్టిక్కర్ ఉన్నదే అంటించడానికి, పోస్టర్ ఉన్నదే గోడకు కొట్టడానికి. కొన్న పిల్లవాడు చేయవలసిన పనే చేశాడు. అందుకే పత్రిక పది చోట్ల దొరుకుతుంది, బోనస్‌తో సహా ఒక్కచోటా దొరకదు.

మన తెలుగు పత్రికల్లో కత్తిరింపు వేరే రకం. ఇక్కడ హాస్యం కోసమే పుట్టిన పత్రికలు తక్కువ. హైదరాబాద్ నుంచి 2001లో మొదలై 2004 దాకా వచ్చిన 'హాసం' అలాంటి అరుదైనది, హాస్యానికి సంగీతం జోడించిన పక్షపత్రిక. కొత్తవాళ్లు దానితోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఇంకా మరీ పాతబడలేదు, పూర్తి సెట్ కూడబెట్టడం సాధ్యమే. మిగతా నవ్వంతా వారపత్రికల్లో కార్టూన్లుగా, దీపావళి, ఉగాది ప్రత్యేక సంచికల్లో హాస్య కథలుగా చెదిరి ఉంది. ఆ వారపత్రికల్ని మన అమ్మలూ పిన్నులూ ఏం చేశారో మీకు తెలుసు. సీరియల్ పేజీలు వారం వారం చింపి, పూర్తయ్యాక బైండు చేయించారు. మాసపత్రికతో వచ్చిన అనుబంధ నవల వేరే అలమారలోకి పోయింది, క్యాలెండరు వంటింటి గోడకెక్కింది, మిగిలిన డొల్ల తూకానికి వెళ్లింది. ఇప్పుడు ఫుట్‌పాత్ మీద మనం కొనేది ఆ డొల్లనే.

(సీరియల్ బైండ్లని చిన్నచూపు చూడకండి. చింపిన పేజీ వెనకవైపు ఏముంటుందో తిప్పి చూడండి. కథ కోసం దాచుకున్న కాగితం వెనక కార్టూన్లు అనాథల్లా బతికి ఉంటాయి. నేను వాటి కోసమే బైండ్లు కొంటాను, సీరియల్ ఒక్కటీ చదవలేదు.)

సరే, పత్రిక చేతిలోకి తీసుకోండి. మధ్యలో పిన్ను కొట్టిన పత్రికలో ప్రతి షీటూ మడతపడి నాలుగు పేజీలవుతుంది. కాబట్టి మొత్తం పేజీలు నాలుగుతో భాగించబడాలి. ఒకే షీటులో ఒకే ముఖం మీద పక్కపక్కన అచ్చయిన రెండు పేజీల నంబర్లు కూడితే, మొత్తం పేజీలకు ఒకటి ఎక్కువ వస్తుంది. 48 పేజీల పత్రిక అనుకోండి. 17వ పేజీకి జత 32, కలిపితే 49. 18కి జత 31, మళ్లీ 49. ఎవరో 17-18 ఆకు చింపేశారంటే, దాని తోడు 31-32 ఆకు పిన్నుకి పట్టు లేక ఊగుతుంటుంది. బ్లేడుతో జాగ్రత్తగా కోసినవాళ్లయితే వేలెడంత అంచు వదిలి ఉంటారు, ఆ అంచే తోడు ఆకును పట్టుకుని ఉంచుతుంది. షీటు మొత్తం లాగేస్తే మాత్రం ఏదీ ఊగదు, నంబర్లు రెండుచోట్ల గెంతుతాయి: 16 తర్వాత 19, 30 తర్వాత 33. అట్టను కూడా పేజీల్లో లెక్కేసే పత్రికలున్నాయి, అక్కడ అట్ట మీంచే లెక్క మొదలుపెట్టండి. ఈ కూడిక రెండు ఆదివారాలు చేస్తే నోటికొచ్చేస్తుంది.

కానీ బోనస్‌కి ఈ లెక్క పనిచేయదు. ఎందుకంటే చాలా బోనస్‌లకు పేజీ నంబరు ఉండదు. నడుమ పిన్నుకి వేలాడదీసిన స్టిక్కర్ షీటు లాగేస్తే 24 తర్వాత 25 బుద్ధిగా వస్తుంది. అక్కడే అందరం మోసపోతాం.

కిందటి వానాకాలం అబిడ్స్ ఆదివారం బజారులో నాకు ఒక మ్యాడ్ స్పెషల్ కనిపించింది. మూసిన దుకాణాల ముందు పరిచిన పాత పరీక్షల గైడ్ల కింద నలిగి ఉంది. అట్ట మీదే లోపల స్టిక్కర్లు ఫ్రీ అని పెద్ద అక్షరాల్లో ఉంది. అమ్మే అబ్బాయి మూడు వందలన్నాడు.

నేను ముందు నడిమి పేజీ తెరిచాను. పిన్ను కాళ్లు రెండూ వదులుగా లేచి ఉన్నాయి. లావుపాటి కట్టను పట్టుకోవడానికి వంచిన పిన్ను, కట్ట పల్చబడితే అలాగే వదులవుతుంది. మొదటి అనుమానం అది. తర్వాత పిన్ను కన్నాలు చూశాను, కోలగా సాగి ఉన్నాయి, ఎవరో గట్టిగా లాగారన్నమాట. ఫోన్ టార్చి వెలిగించి కాగితానికి పక్కవాటుగా పెట్టాను. నిటారుగా పెడితే ఏమీ కనపడదు, ఏటవాలుగా పెడితేనే నొక్కుడు గుర్తులు లేస్తాయి. పేజీ అంచులన్నీ బెల్లం రంగుకు తిరిగాయి కానీ నడుమ ఒక దీర్ఘచతురస్రం మేర కాగితం వేరే ఛాయలో ఉంది. ఏళ్ల తరబడి వేరే రకం కాగితం దానికి అతుక్కుని ఉన్నచోటు అది. పాత న్యూస్‌ప్రింట్‌లో ఆమ్లం ఉంటుంది, పక్కనున్న కాగితం మీద నీడలా దిగుతుంది, లేదా పక్కనున్న మంచి కాగితం దాన్ని కాపాడుతుంది. ఎలా జరిగినా సరిగ్గా పోయినదాని కొలతకే మచ్చ మిగులుతుంది. రికార్డు ఉండి పోయినచోట అది గుండ్రంగా ఉంటుంది, అంటించిన బోనస్ అయితే జిగురు చార ఉంటుంది.

"బోనస్ లేదు కదా భాయ్," అన్నాను.

"నేనేం చింపలేదు సార్, లోపలెట్లుందో అట్లే తెచ్చిన," అన్నాడు. ఆ మాట నిజమే, చింపినవాడు ఈపాటికి తాతై ఉంటాడు. మచ్చ చూపించాను, సాగిన కన్నాలు చూపించాను. అబ్బాయి ఆసక్తిగానే చూసి నూట ఇరవైకి ఇచ్చాడు. ఇంటికొచ్చి తిరగేస్తే చివరి పేజీలో ఒక బొమ్మ ముఖం మీద వంకరగా అంటించి ఉంది, ఆ షీటులోంచి ఒకే ఒక్క స్టిక్కరు. నేను దాన్ని పీకలేదు. మీరూ పీకకండి.

ఇంతకుముందు ఇలాంటివి 'బాగు' చేయబోయి చెడగొట్టినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. ఇరవై ఏళ్ల కిందట ఒక దీపావళి సంచిక నడిమి షీటు ఊడొస్తుంటే సెల్లో టేపు వేశాను. ఇప్పుడు టేపు ఎండి రాలిపోయింది, దాని జిగురు మాత్రం కార్టూన్‌లోకి ఇంకి తేనె రంగు పట్టీలా మిగిలింది. ఊడిన షీటును ఊడినట్టే లోపల పెట్టి దాచడం మేలు.

ఇక ఒక వల గురించి. 1970ల్లో మ్యాడ్ స్పెషల్స్‌లో బోనస్‌గా 1950ల నాటి తమ కామిక్‌నే తిరిగి అచ్చేసి నడుమ పెట్టారు, 'నోస్టాల్జిక్ మ్యాడ్' అని. దాన్ని విడదీస్తే చిన్న కామిక్ పుస్తకంలా ఉంటుంది. తెలియనివాళ్లు, కొన్నిసార్లు బాగా తెలిసినవాళ్లు, దాన్ని తొలి సంచికల అసలు ప్రతిగా అమ్మజూపుతారు. ఇరవై ఏళ్ల తేడా ఉన్న సరుకు అది. పేరు చదవండి, అంతే. అలాగే 1957 నుంచి 2001 వరకు మ్యాడ్‌లో బయటి కంపెనీల ప్రకటనలు వేయలేదు. ఆ మధ్య సంచికలో సబ్బు ప్రకటనో కారు ప్రకటనో కనిపించి, ఇది వేరే పత్రిక పేజీ కలిసిందేమో అని కంగారుపడకండి. అది వెక్కిరింపు ప్రకటన, అదీ జోకే.

మడత బొమ్మ సంగతి కూడా ఇక్కడే. 1964 ఏప్రిల్‌లో 86వ సంచిక నుంచి అల్ జాఫీ వెనక అట్ట లోపలివైపు ఒక బొమ్మ వేయడం మొదలుపెట్టాడు. నిలువుగా రెండుచోట్ల మడిస్తే బొమ్మలోంచి ఇంకో బొమ్మ, ప్రశ్నలోంచి జవాబు వస్తాయి. మడవని ప్రతికి ధర ఎక్కువ. టార్చి ఏటవాలుగా పెట్టి మడత గీతలు వెతకండి. నన్నడిగితే మాత్రం మడిచిన ప్రతే కొంటాను, చవక, పైగా మళ్లీ మడిచి నవ్వుకోవడానికి భయం ఉండదు.

హైదరాబాద్‌లో ఉంటూ 'షగూఫా'ను వదిలేస్తే తప్పు. 1968 నుంచి ఈ ఊళ్లో వెలువడిన ఉర్దూ హాస్య మాసపత్రిక, జిందా దిలానె హైదరాబాద్ అనే హాస్య రచయితల సంఘం మనుషుల ముచ్చట్లన్నీ అందులోనే. ప్రత్యేక సంచికలు లావుగా ఉంటాయి, పాతబస్తీ వైపు పాత పుస్తకాల్లో అడిగితే అప్పుడప్పుడూ తగులుతాయి. నాకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం కూడబలుక్కునే స్థాయి. అందుకే మొదట్లో ఒక తప్పు చేశాను. ఉర్దూ పత్రిక కుడివైపు నుంచి తెరుచుకుంటుంది. మనం వెనక అట్ట అనుకున్నది ముందు అట్ట. ముందు అట్ట ఊడిపోయిందని ఒక మంచి సంచిక వదిలేసి వచ్చాను, ఊడిపోయింది నిజానికి వెనకది. పేజీల కూడిక అక్కడా అదే, అంకెలు నేర్చుకోవడానికి ఒక్క సాయంత్రం చాలు.

లండన్ పాత హాస్య వారపత్రిక 'పంచ్' బైండు సంపుటాలు కూడా అరుదుగా దొరుకుతాయి. ఆ పత్రిక ఏటా ఆల్మనాక్ పేరుతో అనుబంధం ఇచ్చేది, సంపుటంలో అది ఉందో లేదో చూసుకోండి. ఇంతకుమించి దానితో ఇప్పుడు పనిలేదు.

ఎంత పెట్టాలి అని ఉత్తరాల్లో అడుగుతున్నారు. బోనస్ పోయిన ప్రతికి అడిగినదాంట్లో సగం మించి ఇవ్వను. అచ్చు తక్కువైన తెలుగు ప్రత్యేక సంచికైతే డొల్లయినా కొంటాను, ఎందుకంటే ఎదురుగా పెట్టి పోల్చుకోవడానికి ఇంకో ప్రతి దొరుకుతుందన్న హామీ లేదు. పూర్తి ప్రతి ఎలా ఉంటుందో తెలియాలంటే బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీకి వెళ్లి అదే సంచిక ఉందేమో అడగండి. వెళ్లేముందు మీ ప్రతిలోని విషయసూచికను ఫోన్లో ఫొటో తీసుకోండి. సూచికలో ఉండి లోపల లేనిదే మీరు వెతకాల్సింది.

ఈ వారం ఇంటిపని. మీ దగ్గరున్న పత్రికల్లో ఒకదానికి చీటీ రాయండి: పేరు, తేదీ, మొత్తం పేజీలు, గెంతిన నంబర్లు, ఊగే ఆకులు, పిన్ను కన్నాల తీరు, మచ్చల కొలత సెంటీమీటర్లలో. చీటీ పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా కాగితంలోకి దిగుతుంది. ఉచితంగా ఏదైనా ఇస్తున్నట్టు అట్ట మీద ఉంటే అది కూడా రాసి, దాని ఎదురుగా 'ఉంది', 'లేదు', 'కొంత ఉంది' అని మూడింటిలో ఒకటి వేయండి. నా స్పెషల్‌కి 'కొంత ఉంది' అని వేసుకున్నాను, ఒక స్టిక్కరు, చివరి పేజీ.

నాలుగో పాఠంలో దాచుకోవడం గురించి: కలరా ఉండలు, వేపాకు, చొక్కాల ప్లాస్టిక్ కవర్లు, వానాకాలం చెమ్మ. అప్పటిదాకా కొన్నవాటిని నిలబెట్టకండి, బల్లపరుపుగా పడుకోబెట్టి ఉంచండి.