బీటీ పత్తిలో గులాబీ రంగు పురుగును ముందే పట్టుకోండిలా

మాది గుంటూరు పక్కన ప్రత్తిపాడు వైపు నల్లరేగడి. కాయతొలుచు పురుగుల్ని చంపే బ్యాక్టీరియా జన్యువు పెట్టిన బీటీ పత్తి 2002లో వచ్చి శనగపచ్చ పురుగు మందుల ఖర్చు తగ్గించింది, కాదనను. గులాబీ రంగు పురుగు మాత్రం ఇప్పుడు రెండు బీటీ జన్యువులున్న బీజీ-2 రకాన్ని కూడా తట్టుకుంటోంది. విత్తన ప్యాకెట్‌ను నమ్మి ఇంట్లో కూర్చోకండి.

విత్తిన 45 రోజులకల్లా ఎకరానికి నాలుగు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగుల్ని రప్పించి పట్టేవి) పెట్టండి. బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రోజులు పడితే మందు కొట్టాల్సిందే.

పొద్దున్నే పూలు చూడండి. విచ్చుకోకుండా రేకులు మెలితిరిగి ముడుచుకుంటే అది గుడ్డిపువ్వు. విప్పితే లోపల పుప్పొడి తింటూ చిన్న పురుగు కనిపిస్తుంది. అలాంటివి తెంపి చేలోనే పడేయొద్దు, కాల్చేయండి. కాయలతోనే అసలు టెన్షన్, పురుగు లోపలుంటే పైకి నిగనిగలాడుతూనే ఉంటాయి. ఎకరంలో అక్కడక్కడా 20 లేత కాయలు కోసి చీల్చండి. రెండింట్లో పురుగున్నా ఆలస్యం చేయొద్దు.

డిసెంబరు దాటాక నాలుగు కిలోల కాపు కోసం తోట ఉంచితే వచ్చే ఏటికి పురుగును పెంచినట్టే. గొర్రెల్ని మేపి, కట్టె పీకేయండి.

కలుపు మందు తట్టుకునే పత్తి అంటూ లూజుగా అమ్మేది కొనకండి. దానికి అనుమతి లేదు. మొలవకపోతే అడగడానికి చేతిలో బిల్లూ ఉండదు.